చేతిలో ఉన్న పాత ప్రైవేటు సీటా, రాజమండ్రి కొత్త గవర్నమెంట్ కాలేజా? రెండో రౌండ్‌కి ఆప్షన్ పెట్టాలా వద్దా?

కొబ్బరితోట_రాజోలు:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయికి ఎంబీబీఎస్ మొదటి రౌండ్ కౌన్సెలింగ్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎ కేటగిరీ సీటు, అంటే తక్కువ ఫీజు ఉండే కన్వీనర్ కోటా సీటు వచ్చింది. పేరు ఇక్కడ రాయను గానీ 20 ఏళ్లు దాటిన కాలేజీ, పీజీ సీట్లు కూడా ఉన్నాయి. జాయిన్ చేసేశాం. ఇప్పుడు రెండో రౌండ్ ఆప్షన్లు పెట్టుకోమన్నారు. కిందటేడు కటాఫ్ చూస్తే రాజమండ్రి గవర్నమెంట్ కాలేజీ అంచున తగిలేలా ఉంది. తగిలిందంటే ఈ ప్రైవేటు సీటు దానంతటదే పోద్ది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు. కాకినాడ రంగరాయ అయితే ఎవర్నీ అడిగేవాణ్ణే కాదండి, 1958 నాటి కాలేజీ, మా కోనసీమ అంతా అక్కడికే పరిగెడతాం, కానీ అది మా ర్యాంకుకి అందదు. రాజమండ్రిది 2023లో మొదలైంది, ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదు. ట్యూషన్ ఫీజు రెండు చోట్లా దాదాపు ఒకటే. తెలిసినవాళ్లు చెప్పండి, టైమ్ లేదు.

రావులపాలెం_రవి:
రాజమండ్రి. గవర్నమెంట్ గవర్నమెంటేనండి.

డాక్టర్_బాబు_భీమవరం:
రవి గారూ అలా ఒక్క ముక్కలో చెప్పేస్తే ఎలాగండి, ఐదున్నరేళ్ల సంగతి ఇది. నేను ప్రైవేటులోనే ఎ కేటగిరీలో చదివి ఇప్పుడు జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను, కాబట్టి చెప్తున్నా. 2023 బ్యాచ్ ఫైనల్ పరీక్షలు అయ్యేసరికి 2028 వస్తుంది. అంటే మీ అమ్మాయి వార్డులోకి అడుగు పెట్టేటప్పటికి పైన సీనియర్లు అంటే ఒకట్రెండు బ్యాచ్‌లు, అంతే. మెడిసిన్ సగం సీనియర్ల దగ్గరే నేర్చుకుంటాం, ఇది బయటివాళ్లకి తెలీదు. నా సెకండ్ ఇయర్‌లో ఒక పీజీ అన్న సాయంత్రం ఆరింటికి నన్ను బెడ్ పక్కన నిలబెట్టి, స్టెత్ నా చెవుల్లో పెట్టించి, రెండో కొన తనే పేషెంట్ గుండె మీద పట్టుకుని, లబ్ అయ్యాక డబ్ వచ్చేలోపు ఊదినట్టు ఓ చప్పుడు వస్తుంది చూడు, అదే మర్మర్ అన్నాడు. పదిసార్లు వింటే గాని నాకు వినపడలేదు, ఆయన విసుక్కోలేదు. కొత్త కాలేజీలో ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు మీకు?
ఇంకోటి. ఎన్ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్, 2023 రూల్స్ ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలు ఉండాలి, అందులో 80 శాతం నిండాలి. జిల్లా ఆసుపత్రిని కాలేజీగా మార్చిన చోట ఆ 605 ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి.

సిస్టర్_రామచంద్రపురం:
బాబూ, నేను గవర్నమెంట్ ఆసుపత్రుల్లో హెడ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. 605 పడకలు అంటున్నారే, ఆ పడకల మీద మనిషి ఉండాలి కదా. ప్రైవేటులో కొన్ని చోట్ల ఇన్‌స్పెక్షన్ అనగానే ఊళ్లమ్మట బస్సులు తిప్పుతారు. మా వీధిలో అంట్లు తోమే ఆవిణ్ణి అలాగే తీసుకెళ్లి చీర మార్పించి మంచం మీద పడుకోబెట్టారు, ఏ జబ్బని అడిగితే నడుం నొప్పని చెప్పమన్నారంట, మధ్యాన్నం భోజనం పెట్టి కొంత డబ్బిచ్చి సాయంత్రానికి దింపేశారు. ఆవిడ నుంచి మీ స్టూడెంట్లు ఏం నేర్చుకుంటారు?
గవర్నమెంట్‌కి వచ్చే కేసు అలా ఉండదు. వానల్లో రాత్రి నేల మీద పడుకున్నవాణ్ణి కట్లపాము కరిస్తే కాటు కూడా కనపడదు. కడుపులో నొప్పి అంటూ వస్తాడు. గ్యాస్ అనుకుని ఇంజక్షన్ చేసి పంపేస్తే తెల్లారేసరికి ఊపిరాడదు. నా డ్యూటీలో ఒక కుర్ర హౌస్ సర్జన్, అదే చివరి ఏడాది ఆసుపత్రి డ్యూటీ చేసే డాక్టరు, ఆ మనిషి కనురెప్పలు వాలిపోతున్నాయని కనిపెట్టి యాంటీ వీనమ్ ఎక్కించమన్నాడు, పై డాక్టరు వచ్చేలోపే. మనిషి బతికాడు. అలాంటి కేసులు నూరు చూస్తే గాని ఆ కన్ను రాదు. కొబ్బరి చెట్టు మీంచి పడ్డోళ్లు, పురుగుమందు తాగినోళ్లు, బోదకాలు జ్వరంతో వచ్చే ముసలోళ్లు, వీళ్లంతా ఎక్కడికి పోతారు? డబ్బులేనివాళ్లకి దిక్కు అదే కదా.
అవును, అమ్మాయి ఏమంటోందండి రాజోలు గారూ?

డాక్టర్_బాబు_భీమవరం:
మేడం, ఎక్కడో ఒక కాలేజీ చేసిన పనికి అన్నిటికీ మసి పూయొద్దు. మా హాస్పిటల్లో ఆరోగ్యశ్రీ కేసులతో వార్డులు నిండి ఉండేవి. 605 గురించి నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు.

సిస్టర్_రామచంద్రపురం:
ఒక కాలేజీ కాదు బాబూ. 2025లో మెడికల్ కాలేజీల ఇన్‌స్పెక్షన్ లంచాల మీద సీబీఐ కేసు పెట్టింది, దేశమంతా పేపర్లో వచ్చింది. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడో, వచ్చేది ఎవరో ముందే తెలిసిపోతుంటే 605 అయితే ఏం, వెయ్యి అయితే ఏం.

తణుకు_మావయ్య:
ఫీజు ఒకటే అన్నారు కదా అక్కడే మోసపోతారండి. మా చెల్లెలి కొడుకుని ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు అనే చేర్పించాం. ట్యూషన్ ఫీజు వేలల్లోనే, సంతోషపడ్డాం. తర్వాత హాస్టల్ కచ్చితంగా తీసుకోవాలన్నారు, మెస్, లాండ్రీ, స్పెషల్ క్లాసులు, ఏదో స్కిల్ ల్యాబ్ ఫీజు, అన్నీ కలిపి ఏడాదికి లక్షలు దాటింది, రసీదు అడిగితే సగానికే ఇచ్చారు. హౌస్ సర్జన్సీలో స్టైపెండ్ అకౌంట్‌లో వేసి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. చివర్లో బాకీలేం లేవని నో డ్యూస్ కావాలంటూ సర్టిఫికెట్లు ఆపేస్తే మా బావ రెండెకరాల చెరువు లీజు డబ్బులు తెచ్చి కట్టాడు. నేను వెళ్లి అడిగితే గేటు దాటి లోపలికి రానివ్వలేదు. ఇంకా ఆ కాలేజీ బోర్డు కనపడితే నాకు కడుపు మండిపోద్ది.

డాక్టర్_బాబు_భీమవరం:
బాధగా ఉందండి. కానీ స్టైపెండ్ గవర్నమెంట్‌లో కూడా బకాయిలు పడి హౌస్ సర్జన్లు సమ్మెలు చేశారు. అది కూడా చెప్పాలి.

తణుకు_మావయ్య:
బకాయి వేరు, ఇచ్చి లాక్కోవడం వేరు.

కొత్త_కాలేజీ_2023బ్యాచ్:
నేను 2023లో ఏపీలో మొదలైన ఐదు గవర్నమెంట్ కాలేజీల్లో ఒకదాంట్లో చదువుతున్నాను, విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, ఇందులో ఏదో చెప్పను. సీనియర్లు లేరన్నది నిజం. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీకి ఏ పుస్తకం చదవాలో చెప్పేవాళ్లు లేక వేరే కాలేజీ వాళ్ల టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగేవాళ్లం. కొన్ని డిపార్ట్‌మెంట్లలో సార్లు బదిలీ మీద వచ్చి వెళ్లిపోయారు. కానీ పీజీలు లేకపోవడం నష్టమే కాదు. పీజీలు ఉన్నచోట చిన్న ప్రొసీజర్లు కూడా వాళ్లే చేసేస్తారు, ఎంబీబీఎస్ పిల్లలు వెనకాల మునికాళ్ల మీద నిలబడి చూడాలి. మాకు పోస్టింగ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కనే ఉండి చేయిస్తారు. డెలివరీ నేను దగ్గరుండి చూశాను, బొడ్డుతాడు క్లాంప్ చెయ్యమని నా చేతికే ఇచ్చారు మేడం.
ఇంకో మాట, మా క్లాసులో ఆలిండియా కోటా పోగా మిగిలిన వాటిలో సగమే ఏడాదికి 15 వేల ఫీజు ఉండే సీట్లు, 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ 12 లక్షలు, 15 శాతం ఎన్ఆర్ఐ 20 లక్షలు. ఒకే బెంచీ మీద కూర్చుంటాం. గవర్నమెంట్ కాలేజీ అంటే అందరూ ఉచితం అనుకుంటారు, ఉచితం కాదు.

పాలకొల్లు_పెద్దాయన:
నా భయం ఇంకోటి. మా పాలకొల్లు, అమలాపురం కాలేజీలు కూడా రాష్ట్రంలో కొత్తగా తలపెట్టిన పదిహేడు గవర్నమెంట్ కాలేజీల్లోవే, 2025లో వాటితో కలిపి పదింటిని పీపీపీకి, అంటే ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తామని కేబినెట్ తీర్మానించింది. రేపు రాజమండ్రి పరిస్థితి ఏంటి?

మోడరేటర్:
రాజమండ్రి ఆ పదింటిలో లేదు. పార్టీల గొడవ వేరే చర్చలో పెట్టుకోండి, ఇక్కడ సీటు గురించే.

సిస్టర్_రామచంద్రపురం:
రాజోలు గారూ, అమ్మాయి మాట చెప్పలేదు మీరు.

కొబ్బరితోట_రాజోలు:
చెప్తానండి. ముందు ఆ పడకల సంగతి తేలాలి కదా. ప్రైవేటు కాలేజీ అయితే మా అక్క ఇల్లు దగ్గర, అక్కడి నుంచే వెళ్లి రావొచ్చు.

డాక్టర్_బాబు_భీమవరం:
అదిగో, ఇల్లు దగ్గర, చదువుకోడానికి టైమ్ దొరుకుతుంది, లైబ్రరీ ఉంది. మేడం మీరు సీనియర్, గౌరవం ఉంది, కానీ మీరు నర్సు కోణంలో చూస్తున్నారు. ఈ రోజుల్లో ఎంబీబీఎస్ ఒక మెట్టు మాత్రమే. కట్లపాము కేసులు నూరు చూసినా నీట్ పీజీ ర్యాంకు రాకపోతే అక్కడే ఆగిపోతాం. డాక్టర్ ట్రైనింగ్ ఎలా జరుగుతుందో డాక్టర్లకి తెలుస్తుంది.

సిస్టర్_రామచంద్రపురం:
బాబూ, డాక్టర్ల ట్రైనింగ్ నాకు తెలీదా? మొదటిసారి సెలైన్ ఎక్కించే క్యాన్యులా సూది పెట్టడానికి చెయ్యి వణుకుతుంటే ఆ చెయ్యి పట్టుకుని ఏంగిల్ చూపించింది ఎవరు, మీ ప్రొఫెసరా? నర్సులం. ఎంతమంది హౌస్ సర్జన్లకి రాత్రి రెండింటికి డోసు చెప్పి కాపాడామో మాకు తెలుసు, మర్నాడు రౌండ్స్‌లో మా పేరు ఎవరూ చెప్పరు. ఎంబీబీఎస్ మెట్టు అంటున్నారే, ఆ మెట్టు మీద ఆగి పీహెచ్‌సీలో కూర్చునేవాళ్లు లేకే కదా లంకల్లో గర్భిణిని పడవ మీద దాటించి, ఆటో ఎక్కించి, కాకినాడ దాకా తేవాల్సి వస్తోంది. అందరూ రేడియాలజీకి పోతే పురుడు ఎవరు పోస్తారు?

డాక్టర్_బాబు_భీమవరం:
త్యాగాలు మా ఒక్కళ్లే చెయ్యాలా మేడం? మా నాన్న రొయ్యల చెరువులో పోగొట్టుకుని నన్ను చదివించారు. పీజీ చెయ్యకుండా పల్లెలో కూర్చోమని చెప్పడం తేలికే, ఆ జీతంతో ఆ అప్పు తీర్చి చూపించండి.

రావులపాలెం_రవి:
ఇద్దరూ శాంతించండి బాబూ.

కొబ్బరితోట_రాజోలు:
గొడవ పడకండి, నా వల్లే ఇదంతా. అసలు సంగతి చెప్పేస్తాను. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో జరిగింది గుర్తుందిగా, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మని పాడుచేసి చంపేశారు. అది కూడా గవర్నమెంట్ ఆసుపత్రే. ఆ అమ్మాయి తండ్రి టీవీలో మాట్లాడుతుంటే మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్లో ఉంది, నేను డాక్టర్నే అవుతా అంది. నాకు ఒక్కతే కూతురు. రాత్రి డ్యూటీ తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు. మా అక్క ఇంట్లో ఉంటే కనీసం రాత్రి ఇంటికి వస్తుందని నా ఆశ. పాప రాజమండ్రే కావాలంటోంది. అందుకే మీరు అడుగుతున్నా చెప్పలేదు.

డాక్టర్_బాబు_భీమవరం:
ఈ మాట ముందే చెప్పాల్సింది అంకుల్. మీ భయం తప్పు కాదు. గవర్నమెంట్ క్యాజువాలిటీలో ఒక పేషెంట్ వెనకాల పదిమంది లోపలికి వచ్చేస్తారు, తాగి వచ్చేవాళ్లు ఉంటారు, సెక్యూరిటీ ఒక్కడు ఉంటాడు. ప్రైవేటులో గేటు దగ్గరే ఆపుతారు. కానీ ఒకటి నిజం చెప్పాలి, హౌస్ సర్జన్సీలో నైట్ డ్యూటీ ఎక్కడైనా తప్పదు. మీ అక్క గారి ఇల్లు మొదటి నాలుగున్నరేళ్ల వరకే.

సిస్టర్_రామచంద్రపురం:
అన్నయ్య గారూ, నేను నైట్ డ్యూటీలు చేసే రిటైరయ్యాను, మీ భయం నాకు కొత్త కాదు, నన్నూ మా అమ్మ అలాగే ఆపబోయింది. కోల్‌కతా అమ్మాయి రాత్రంతా పని చేసి, పడుకోడానికి సరైన గది లేక సెమినార్ హాల్లో ఒరిగింది. కాబట్టి మీరు అడగాల్సింది గవర్నమెంటా ప్రైవేటా అని కాదండి. ఆడ డాక్టర్లకి డ్యూటీ రూమ్ వార్డుకి దగ్గర్లో ఉందా, లోపలి గడియ పడుతుందా, బాత్రూమ్ లోపలే ఉందా, క్యాజువాలిటీ నుంచి హాస్టల్‌కి వెళ్లే దారిలో లైట్లున్నాయా. రెండు చోట్లా ఇవే చూడండి. భయంతో కాలేజీ ఎంచుకుంటే రేపు పీజీలో గైనిక్ వద్దంటారు, రాత్రి డెలివరీలని. సర్జరీ వద్దంటారు. ఆ పిల్లకి మిగిలేది ఏంటి?

డాక్టర్_బాబు_భీమవరం:
మేడం, రాత్రి డ్యూటీలు తక్కువుండే డెర్మటాలజీ (చర్మవ్యాధులు) చేసినవాళ్లు డాక్టర్లు కారా? ఆడపిల్ల రాత్రి ఇంటికి రావాలనుకోవడం కూడా తప్పేనా?

సిస్టర్_రామచంద్రపురం:
అది ఆ పిల్ల అనుకోవాలి బాబూ. మనం కాదు.

కొత్త_కాలేజీ_2023బ్యాచ్:
అంకుల్, వెళ్తే రాత్రి పూట వెళ్లండి. పగలు ఓపీ టైమ్‌లో ఏ ఆసుపత్రి అయినా బాగానే కనపడుతుంది. మా కాలేజీలో అమ్మాయిలకి హాస్టల్‌కి, హాస్పిటల్‌కి మధ్య ఎంత దూరం అన్నదే మా అమ్మ మొదట చూసింది.

కొబ్బరితోట_రాజోలు:
ఆప్షన్లు ఇంకా ఫ్రీజ్ చెయ్యలేదండి. రేపు పాపని తీసుకుని రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్తాం, రాత్రి ఎనిమిది దాటాకే ఆసుపత్రికి వెళ్తాం. మా అక్క వాళ్ల ఊళ్లో కాలేజీ కూడా అలాగే రాత్రికి చూస్తాను. సిస్టర్ గారూ, డ్యూటీ రూమ్ చూస్తానంటే బయటివాళ్లని రానిస్తారా?

సిస్టర్_రామచంద్రపురం:
మిమ్మల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. మీరు బయట నిలబడండి. అమ్మాయిని మేట్రన్ దగ్గరికి పంపి అడగమనండి, ఆడపిల్ల అడిగితే చూపిస్తారు. ఏం చూసిందో తనే మీకు చెప్తుంది.

తణుకు_మావయ్య:
ఒకవేళ రాజమండ్రి తగిలితే ప్రైవేటు వాళ్ల దగ్గర ఒరిజినల్స్ కోసం ఆగొద్దండి. అలాట్‌మెంట్ లెటర్ ప్రింట్ తీసుకుని ఆ రోజే వెళ్లి అడగండి, ఇవ్వం అని వాళ్లంటే ఆ మాటే రాతపూర్వకంగా రాసివ్వమనండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. కావాలంటే నేను కూడా వస్తాను.