సౌదీలో అబాయా తప్పనిసరి కాదు కదా, అయినా వేసుకోవాలా?

కొత్తపేట_కోడలు:
మావారికి రియాద్‌లో ఉద్యోగం. వచ్చే నెల నేనూ వెళ్తున్నాను. మర్యాదగా ఉండే దుస్తులైతే చాలని, ఒళ్లంతా కప్పే పొడుగాటి పైవస్త్రం అబాయాయే వేసుకోవాలన్న నియమం లేదని 2018లో యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ చెప్పారు. 2019లో పర్యాటక వీసాలు మొదలుపెట్టినప్పుడూ విదేశీ మహిళలకు అదే మాట చెప్పారు. మా అత్తగారు మాత్రం నన్ను అడగకుండానే చార్మినార్ దగ్గర రెండు అబాయాలు కొని పెట్టెలో సర్దేశారు. పొడుగు చేతుల చుడీదార్, చున్నీ సరిపోవా?

తార్నాక_మాస్టారు:
సరిపోతాయా లేదా అన్నది కాదమ్మా. అన్నం పెడుతున్న దేశం అది. వాళ్ల వీధిలో వాళ్లలా మసలుకోవడం మర్యాద. పెళ్లింటికి నల్లచీర కట్టుకొని రావద్దని ఏ చట్టంలో ఉంది? అయినా ఎవరూ కట్టుకోరు.

జెడ్డా_టు_మల్కాజిగిరి:
నేను అక్కడ కాపురం చేసి వచ్చినదాన్ని. 2016లో, దుస్తులు, నడవడి మీద నిఘా పెట్టే మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశాక వచ్చిన మార్పు కళ్లారా చూశాను. బూడిద రంగు, నీలం రంగు అబాయాలు వచ్చాయి. ముందు గుండీలు పెట్టుకోకుండా, లోపలి జీన్స్ కనిపించేలా వదిలేసి తిరిగే సౌదీ అమ్మాయిలను చూశాను. నా సల్వార్‌ను చూసి ఒక్క సౌదీ మనిషి కూడా నొసలు చిట్లించలేదు. ఉగాది భోజనాల దగ్గర మన తెలుగావిడే అడిగింది, మీ ఆయన ఉద్యోగానికి ఎసరు పెడతావా అని. ఆ మాట ఇప్పటికీ మంట పుట్టిస్తుంది.

తార్నాక_మాస్టారు:
జీన్స్ వేసుకొని తిరగమంటున్నారా?

జెడ్డా_టు_మల్కాజిగిరి:
ఎక్కడన్నాను? మళ్లీ చదవండి.

బర్కస్_వాసి:
మా పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చారు. మా పేటలో ఇప్పటికీ లుంగీలే. మార్చుకోమని ఈ ఊరు మమ్మల్ని అడగలేదు.

తార్నాక_మాస్టారు:
కోఠీ రెసిడెన్సీ కట్టించిన కిర్క్‌ప్యాట్రిక్ సంగతి? ఆంగ్లేయుడై ఉండి ఇంట్లో ఇక్కడి నవాబుల దుస్తులే ధరించాడు. నిజాం దగ్గర హష్మత్ జంగ్ బిరుదు పొందాడు. కలిసిపోవడమంటే అదీ.

జెడ్డా_టు_మల్కాజిగిరి:
ఆయన నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు), వెనక సైన్యం ఉంది. ఇష్టపడి వేసుకున్నాడు, మానేస్తే అడిగేవాడు లేడు. ఈ అమ్మాయికి ఆ వీలుందా? పైగా ఆమె భర్త అక్కడి మగవాళ్లలా పొడుగాటి అంగీ, అదే థోబ్, వేసుకోవాలని మీరు ఒక్కసారైనా రాశారా? ప్యాంటు, చొక్కాతో ఆఫీసుకు వెళ్లే మగవాడికి లేని మర్యాద ఆడవాళ్లకే ఎందుకు?

ఉప్పల్_వాసి:
ఇది మాత్రం నిజం.

తార్నాక_మాస్టారు:
నేను చేయని పని ఎవరికీ చెప్పడం లేదు! జీవితమంతా పంచె కట్టినవాణ్ణి. డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నన్నాళ్లూ జరీ అంచు పంచెలన్నీ మడిచి సూట్‌కేసు అడుగున పెట్టాను. వాడు కొనిచ్చిన ట్రాక్ ప్యాంటుతోనే ఉదయం నడకకు వెళ్లాను. ఇరుగుపొరుగు వింతగా చూస్తారని వాడి భయం. ఈ వయసులో నేను సర్దుకున్నాను. చిన్నవాళ్లు సర్దుకోలేరా?

జెడ్డా_టు_మల్కాజిగిరి:
మీకు కష్టం కలిగింది, కాదనను. కానీ పంచె కట్టవద్దని అమెరికా అన్నదా? ఆ వీధిలో ఒక్కరైనా అన్నారా? మీ అబ్బాయి అన్నాడు. ఈమెకు చెప్పింది కూడా సౌదీ కాదు, అత్తగారు. పరాయి దేశం పేరు చెప్పి మన ఇళ్లలో మనవాళ్లే ఒకరి ఒంటిమీద బట్ట ఇంకొకరు నిర్ణయిస్తున్నారు. నా గొడవ అదీ.

తార్నాక_మాస్టారు:
ఇంట్లోవాళ్ల మాట వినడం తప్పు కాదు. వాడు నా మంచికే చెప్పాడు. మా అబ్బాయి ఊసు ఎత్తితే ఇక జవాబు రాయను.

జెడ్డా_టు_మల్కాజిగిరి:
ఎత్తను. కోడలమ్మా, ఒక అబాయా వెంట ఉంచుకోండి. ముందు మీ కాలనీలో, మీవారి ఆఫీసు కుటుంబాల్లో ఎవరు ఎలా తిరుగుతున్నారో చూసి మీరే తేల్చుకోండి. వేసుకున్న రోజు మాత్రం మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కేముందు అంచు చేత్తో పైకి పట్టుకోండి. నాది ఒకసారి పళ్లలో ఇరుక్కొని మోకాలిదాకా చిరిగింది.