యాప్ ఉంటేనే ఆ రేటు, ప్యాకెట్లో సరుకేమో తక్కువ

నిన్న కూకట్‌పల్లిలో ఒక సూపర్‌మార్కెట్‌లో తగ్గింపు ధర బోర్డు చూసి నూనె తీసుకుంటే, కౌంటర్ దగ్గర యాప్ ఉంటేనే ఆ రేటన్నారు. ఓటీపీ రాదు, వెనక క్యూ, ఒకటే టెన్షన్. ఇంటికొచ్చి చూస్తే ప్యాకెట్ లీటరు కాదు, 850 గ్రాములు! అసలు ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందేనా?

— అక్కర్లేదండి. నంబర్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే షాపులకు చెప్పింది. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. డిస్కౌంట్ మాత్రం పోయినట్టే.

— లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఎమ్మార్పీ దగ్గర గ్రాముకింత అని యూనిట్ ధర వేస్తారు, దాన్ని పోల్చుకోండి. మా అమ్మకైతే ప్యాకెట్ చేత్తో పట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది.

— చూశానన్నా, భూతద్దం కావాలి.