ర్యామ్ రేటుకీ అమెరికా ఆంక్షలకీ నిజంగా సంబంధం ఉందా?

పార్క్‌లేన్_పీసీ:
కొత్త పీసీ పెట్టుకుందామని సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లా. పోయిన ఏడాది మా తమ్ముడికి కొన్న అదే 16 జీబీ డీడీఆర్5 స్టిక్ రేటు అడిగితే కళ్లు తిరిగాయి. ఏంటన్నా ఇది అంటే "అమెరికావాడు చైనాకి చిప్పులు ఆపేశాడు సార్, సరుకు రావట్లేదు" అన్నాడు. చైనాకి ఆపితే మనకి ఇంకా మిగలాలి కదా? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎచ్_టూల్:
సగం నిజం, సగం కథ. 2022 అక్టోబర్ 7న అమెరికా తెచ్చిన రూల్ మనం కొనే ర్యామ్‌ని ఆపలేదు, దాన్ని చేసే మెషిన్లని ఆపింది. 18 నానోమీటర్లు, అంతకన్నా సన్న డీర్యామ్ (ర్యామ్ స్టిక్‌లో ఉండే చిప్), 128 లేయర్లు, ఆపైన ఉన్న నాండ్ (ఎస్ఎస్‌డీ, ఫోన్ స్టోరేజీలో ఉండే చిప్) చేసే చైనా ఫ్యాబ్‌లకి, అంటే చిప్ ఫ్యాక్టరీలకి, లైసెన్సు లేనిదే అమెరికా టూల్స్, అంటే ఆ మెషిన్లు, వెళ్లవు. ఇక్కడే మెలిక ఉంది. కొరియా కంపెనీలైన హైనిక్స్, శామ్‌సంగ్ సంగతి చూడండి: హైనిక్స్ డీర్యామ్‌లో దాదాపు 40 శాతం వుషీలో, శామ్‌సంగ్ నాండ్‌లో ఇంచుమించు అంతే షియాన్‌లో తయారవుతుండేవి. రెండూ చైనాలోనే. అందుకే కొరియా వాళ్లకి మొదట ఏడాది మినహాయింపు, 2023లో గడువు లేని అనుమతి ఇచ్చారు. 2025 ఆగస్టులో మళ్లీ దాన్నీ తీసేస్తున్నాం అన్నారు.

మెషిన్ ఒకసారి కొనేశారుగా, ఇంకేం భయం అనుకోకండి. నేను ఎచ్ మెషిన్ల (చిప్ మీద అక్కర్లేని పదార్థాన్ని తొలిచేసేవి) మీదే పనిచేస్తా. నాండ్‌లో లేయర్లన్నిటి గుండా అడుగుదాకా ప్లాస్మాతో (కరెంటుతో రగిలించిన గ్యాస్) నిటారుగా కన్నాలు తొలవాలి. వేఫర్ (చిప్పులు చేసే గుండ్రటి సిలికాన్ పలక) చుట్టూ ఎడ్జ్ రింగ్ అని ఒకటుంటుంది, ప్లాస్మా దాన్నీ రోజూ కొంచెం కొంచెం తినేస్తుంది, అది అరిగిందంటే అంచు దగ్గర కన్నాలు ఒరిగిపోతాయి, ఆ చుట్టూ ఉన్న చిప్పులన్నీ చెత్తబుట్టకే. కాబట్టి రింగులు రావాలి, పంపులు రావాలి, సర్వీసుకి మనిషి రావాలి. ఆ రూల్ రాగానే అమెరికా టూల్ కంపెనీలు వుహాన్‌లోని చైనా నాండ్ కంపెనీ వైఎంటీసీ నుంచి తమ ఇంజనీర్లని వెనక్కి పిలిపించాయి. అసలు దెబ్బ అది.

సర్వర్_మామ:
ఇదంతా కరెక్టే కానీ రేటు పెరిగింది దానివల్ల కాదు బ్రో. రూల్ 2022లో వచ్చింది, 2023లో ర్యామ్ రేట్లు పాతాళంలో ఉన్నాయి, మర్చిపోయారా? ఇప్పుడు పెరగడానికి కారణం ఏఐ సర్వర్లు. వాటికి వేసే హెచ్‌బీఎంకి (డీర్యామ్ చిప్పుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చేసే వేగమైన మెమరీ), అదే మెమరీ సైజుకి, మామూలు డీడీఆర్5 కంటే దాదాపు 3 రెట్లు వేఫర్లు పడతాయి. ఉన్న వేఫర్లన్నీ అటు పోతే మన స్టిక్‌కి ఏం మిగులుతుంది?

ఎచ్_టూల్:
ఒప్పుకుంటా. కాకపోతే చైనాలో ఉన్న ఆ ప్లాంట్లని ఇష్టమొచ్చినట్టు పెంచుకునే వీలుంటే కొరత కొంత తగ్గేది.

పాత_పోస్టు:
2019 జులైలో జపాన్ కొరియాకి హైడ్రోజన్ ఫ్లోరైడ్ (చిప్పుల తయారీలో వాడే కెమికల్) మీద ఆంక్షలు పెట్టినప్పుడూ ఇదే గోల. ఆపేయలేదు, ప్రతి షిప్‌మెంట్‌కీ విడిగా లైసెన్సు అడిగారు, అంతే. ఆ సరుకేమో ఎక్కువకాలం నిల్వ ఉంచలేనిది, ఇక టెన్షన్ చూడాలి. ఫ్యాబ్‌లు మాత్రం ఆగలేదు, కొరియా సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టింది. జపాన్ 2023లో ఎత్తేసింది.

పార్క్‌లేన్_పీసీ:
థాంక్సన్నా. మరి గుజరాత్ సాణంద్‌లో మైక్రాన్ (అమెరికా మెమరీ కంపెనీ) ప్లాంటుతో మనకి రేటు తగ్గదా? లేక పాత తరం డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డు తీసుకోనా?

సర్వర్_మామ:
సాణంద్‌లో చేసేది అసెంబ్లీ, టెస్టింగ్. వేఫర్ బయటినుంచే రావాలి. డీడీఆర్4 లైన్లు తగ్గించేస్తున్నారు, దాని రేటూ పెరిగింది. ప్రస్తుతానికి ఒక్క స్టిక్ వేసుకో, రెండో స్లాట్ ఖాళీగా ఉంచు.