దేవుణ్ణి నమ్మనివాడికి ఏఏ మీటింగులో చోటుందా?

కృష్ణలంక కుర్రాడు:
మా బాబాయి పాతకాలపు నాస్తికుడు. పెళ్లి కూడా ముహూర్తం చూడకుండా చేసుకున్నాడు. తాగుడు మానాలని ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులకు వెళ్లి, మూడు వారాలకే ఆపేశాడు. "మందు మానమంటే మానతానురా, లేని దేవుడి చేతిలో నా బతుకు పెట్టమంటే ఎలా?" అంటాడు. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లు చదివాను. మూడు, ఐదు, ఆరు, పదకొండు మెట్లలో దేవుడి పేరే ఉంది. ఆ మాటలు లేకపోతే ఈయన ఇంకా వెళ్తూ ఉండేవాడు. మీరేమంటారు?

మానేసి తొమ్మిదేళ్లు:
బాబాయిగారిని తొందరపడొద్దనండి. అక్కడ రాసింది "మేము అర్థం చేసుకున్న దేవుడు" అని. 1939లో ఈ మెట్లున్న ఏఏ పుస్తకం వేసేటప్పుడు తొలి సభ్యుల్లో నమ్మనివాళ్లు పట్టుబడితేనే ఆ మాట చేరింది. నాకు ఆ దేవుడి స్థానంలో ఉన్నది మా గ్రూపే. రాత్రి రెండింటికి చేతులు వణుకుతుంటే ఫోన్ ఎత్తింది నా స్పాన్సర్, అంటే నాకన్నా ముందు మానేసి నాకు దారి చూపే సభ్యుడు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలు చూసి, పూర్తిగా మానేసి ఉండటంలో ఈ పద్ధతి మిగతా చికిత్సల కన్నా మెరుగని చెప్పింది. రెండు మాటల కోసం వదులుకోవద్దు.

ఎర్రమట్టి:
రెండు మాటలేనా అండీ? ఏడో మెట్టు మన లోపాలు తీసెయ్యమని "ఆయన్ని" వినయంగా వేడుకోమంటుంది. గ్రూపును వేడుకుంటే తీసేస్తుందా? నమ్మనివాడు అక్కడ నటించాలి. తాగే మనిషి ఏళ్ల తరబడి ఇంట్లో అబద్ధాలు ఆడే ఉంటాడు. మానదామని వచ్చిన రోజే ఆయనతో ఇంకో అబద్ధం ఆడించడం నాకు చాలా బాధగా ఉంటుంది. మెట్లలోంచి దేవుణ్ణి తీసేసి చదువుకున్న కెనడాలోని టొరంటో గ్రూపులను 2011లో అక్కడి ఏఏ జాబితా నుంచి తొలగించారు. మానవ హక్కుల ట్రిబ్యునల్ దాకా వెళ్తే 2017లో మళ్లీ చేర్చారు. కాలిఫోర్నియాలో పెరోల్ మీదున్న నాస్తికుడొకాయన ఇలాంటి కార్యక్రమం వద్దన్నందుకు మళ్లీ జైల్లో పెట్టారు. 2014లో ఆయనకు దాదాపు 20 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు.

మానేసి తొమ్మిదేళ్లు:
బలవంతం తప్పే. నటన సంగతి కూడా నిజం. మొదటి ఏడాది ప్రార్థన వేళ నేను ఊరికే పెదవులు కదిపేవాణ్ణి. ఇప్పుడు కొత్తవాళ్లకు నేనే చెబుతున్నాను, ఇష్టం లేకపోతే మౌనంగా ఉండండి అని. ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

కృష్ణలంక కుర్రాడు:
ఇది బాబాయికి చదివి వినిపిస్తాను. తాగుడు మానడానికి సాయం చేసే, దేవుడి ఊసు లేని స్మార్ట్ రికవరీ అనే సంస్థ 1994 నుంచి ఉంది, కానీ నేను చూసిన ఆన్‌లైన్ మీటింగులు ఇంగ్లీషువే. ఆయనకు ఇంగ్లీషు రాదు. తెలుగులో అలాంటిది ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు నేనే ఆయన పక్కన కూర్చుంటున్నాను.