జింఖానాలోకి గుర్రం ఎలా వచ్చింది?

"ఇంగ్లీషు నిఘంటువు జింఖానా అంటే గుర్రపు స్వారీ పోటీ అంటోంది. మన సికింద్రాబాద్ జింఖానాలో ఆడేది క్రికెట్ కదా?" అని నిన్న ఒకరు అడిగారు. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

రెండర్థాలూ సరైనవే. ఇంగ్లండులో ఇవాళ జింఖానా అంటే ముఖ్యంగా పిల్లలు పోనీల (పొట్టి గుర్రాల) మీద ఆడే పందేలు. వరసగా పాతిన కర్రల మధ్య నుంచి పోనీని మెలికలు తిప్పుతూ పరిగెత్తిస్తారు. దాని మీద కూర్చునే, చెంచాలో గుడ్డు పడకుండా గీత దాటిస్తారు. మాట మాత్రం పుట్టింది మన దేశంలోనే.

1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దీన్ని కల్పించిన మాటగానే లెక్కవేసింది. ఆధారం గేంద్‌ఖానా. హిందూస్తానీలో గేంద్ అంటే బంతి, ఫారసీలో ఖానా అంటే ఇల్లు. దొరలు రాకెట్లతో గోడకేసి బంతి కొట్టుకునే కోర్టును ఇక్కడివాళ్ళు అలా పిలిచేవారు. దొరల నోటికి గేంద్ కన్నా, వ్యాయామశాల అనే అర్థమున్న గ్రీకు మూలపు మాట జిమ్నాజియం దగ్గర. అలా తల గ్రీకుది, మొండెం ఫారసీది అయిపోయింది. ఆ నిఘంటువుకు దొరికిన తొలి వాడుక ఉత్తరాదిన ఉన్న రూర్కీ ఊళ్ళో, 1861 నాటిది.

మొదట అది ఆటలాడే చోటు పేరు. తర్వాత అక్కడ జరిగే పోటీల పేరు అయింది. ఇంగ్లండు చేరాక పోటీల్లో గుర్రాలవే నిలిచాయి. చోటు పేరు అక్కడ జరిగేదానికి అంటుకోవడం మనకు కొత్తేమీ కాదు. కచేరీ చూడండి: దివాణం, ఆఫీసు అనే అర్థం ఉన్న మాట మన దగ్గర పాట కచేరీ కూడా అయింది. ఇంగ్లండు వాళ్ళు జింఖానాను నడిపించిన దారి కూడా అదే అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పోలో కూడా ఇంగ్లీషులోకి ఇటునుంచి వెళ్ళిన గుర్రపు మాటే. కశ్మీరుకు ఉత్తరాన బాల్టీ భాషలో పోలో అంటే బంతి! రెండు మాటల్లోనూ మొదట ఉన్నది బంతే. పోలోలో అది నిలిచింది, జింఖానాలో జారిపోయింది.

ఒక సభ్యురాలు: ఖానా అంటే తిండి కదండీ? క్లబ్బులో భోజనాలు ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందేమో అనుకున్నాను.

కాదమ్మా, ఆ ఖానా వేరు. తిండి ఖానా సంస్కృతం 'ఖాద్' ధాతువు నుంచి హిందీలోకి వచ్చింది. ఇది దవాఖానా, బందిఖానాల్లో ఉన్న ఖానా. సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేట ఉంది చూడండి. కార్ అంటే పని, పనిచేసే చోటు కార్ఖానా. అది రెండు ముక్కలూ ఫారసీవే ఉన్న మాట. జింఖానా అదే ఊళ్ళో ఉన్న అతుకుల మాట.