సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్క రోజులో చూడొచ్చా? అమ్మ, పాపతో వెళ్తున్నాం

అడిగినవారు: అమలాపురం వాసి

దసరా సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి సాలార్‌జంగ్ చూద్దామని. గురువారం రాత్రి రాజమండ్రిలో రైలెక్కి, శుక్రవారమంతా మ్యూజియంలో గడిపి, ఆ రాత్రికే తిరుగు రైలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పాపకి తొమ్మిదేళ్లు. అన్నీ చూసి సాయంత్రం చార్మినార్ కూడా చుట్టి రాగలమా? టికెట్లు ఇంకా తీయలేదు.

జవాబు: రావులపాలెం సెంటర్

టికెట్లు తీయకపోవడమే మంచిదైందండి. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు. పోనీ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్దామన్నా అదీ శుక్రవారం మూతే. ఆదివారం తీసే ఉంటుంది గానీ జనం తొక్కిడి. మామూలు రోజు పెట్టుకోండి. పదింటికి తీస్తారు, అయిదింటికి మూసేస్తారు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగి సామాను స్టేషన్ క్లోక్‌రూములో పడేయండి. తాళం వెయ్యని సంచి తీసుకోరు, రైలు టికెట్టూ చూపించాలి. చుట్టాలకని పూతరేకుల పెట్టె పట్టుకెళ్తే అది కూడా తాళం వేసే సూట్‌కేసులోనే సర్దండి. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేదు, మీరు దిగాల్సిన ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) ఆ లైనుకి చివరి స్టేషను. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాంపల్లి దాకా వెళ్తే అక్కణ్ణుంచి మెట్రోలో ఎంజీబీఎస్ మూడో స్టేషను. దిగాక మ్యూజియం దగ్గరే గానీ అమ్మగారిని నడిపించకండి, ఆటో ఎక్కేయండి. ఆవిడ ఓపిక లోపలికి దాచాలి. వీల్‌చైర్ కావాలంటే గేటు దగ్గరే అడగండి, సగం తిరిగాక వెనక్కి రావడం కష్టం.

ఇక అన్నీ చూడటమంటారా, ఆ మాట మర్చిపోండి. గ్యాలరీలు 38. గదికి పది నిమిషాలేసుకున్నా ఆరు గంటల ఇరవై నిమిషాలు, భోజనం కాక. ఎనిమిదో తొమ్మిదో ఎంచుకుని మిగతావి దాటేయండి. చార్మినార్ ఇంకోసారి.

జవాబు: గోదారి గట్టు

పై ఆయన చెప్పిన దానికి నాదొక చేర్పు. మ్యూజియంలో కాళ్లు లాగేది దూరం వల్ల కాదండి. రెండడుగులేసి ఆగడం, మళ్లీ రెండడుగులు. అలా నిలబడిపోతే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోయవు, పాదాలు బరువెక్కుతాయి. అందుకని ముప్పావు గంటకోసారి బెంచీ కనబడగానే కూర్చోవాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు.

పొద్దున్నే సూక్ష్మచిత్రాలు, రాతప్రతులు చూసేయండి. ఆ గదుల్లో దీపాలు కావాలనే తగ్గించి పెడతారు, వెలుతురుకి రంగులు వెలిసిపోతాయి కాబట్టి. బయట ఎండలోంచి వెళ్లగానే ఏమీ ఆనదు, బాగోలేదని జనం బయటికి వచ్చేస్తారు. అయిదు నిమిషాలు ఓపిక పడితే కళ్లు సర్దుకుని గీతలు తేలతాయి.

బిద్రీ సామాను గది వదలకండి. తుత్తునాగం (జింకు) ఎక్కువ, రాగి కొద్దిగా కలిపి పోత పోసి, చెక్కిన గాడిలో వెండి తీగ కొట్టి, ఆఖర్న బీదర్ కోట మట్టితో రుద్దుతారు. ఆ మట్టికి లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. పాపకి ఇది ముందే చెప్తే హుక్కా కుండ దగ్గర ఆగి మరీ చూస్తుంది.

మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర అందరూ ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కాస్త పక్కకి జరిగి చూడండి. ముక్కు, గడ్డం దగ్గర రాయి నున్నగా ఉంటుంది, ముసుగు మడతలు మాత్రం సన్నటి గట్లలా లేస్తాయి. వెలుగు ఆ గట్ల మీద పడి నీడ తేలడం వల్లే లోపల మొహం, పైన గుడ్డ అన్నట్టు కనబడుతుంది. ఉన్నదంతా ఒకటే పాలరాయి. చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు.

జవాబు: కొత్తపేట మాస్టారు

గడియారం సంగతి ఎవరూ ఎత్తలేదేం? కుక్ అండ్ కెల్వీ వారిది. గంటకి మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలు వినాలని అందరూ పన్నెండుకే చేరతారు, చిన్నపిల్లలకి ముందువాళ్ల వీపులే కనబడతాయి. పదకొండుకి వెళ్లండి, ఒక దెబ్బే కదా తక్కువ. పావు గంట ముందే కూర్చుంటే అమ్మగారికి విశ్రాంతి కూడా కలిసొస్తుంది. పక్కనే సుత్తి కొట్టే కమ్మరి బొమ్మ సెకన్లు లెక్కపెడుతుంటుంది, పాపకి అదే ఎక్కువ నచ్చొచ్చు.

ఇంకొకటి. వెళ్లే ముందు ఏదో ఒక ఆదివారం రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీ తెరిచి ఉందో కనుక్కుని పాపని తీసుకెళ్లండి. 1897లో పుట్టి 1925లో పోయిన చిత్రకారుడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. చిన్న గ్యాలరీ కాబట్టి ఒక బొమ్మ ముందు తీరిగ్గా నిలబడటం అక్కడ అలవాటవుతుంది. ముందు బొమ్మంతా కనబడేంత దూరంలో నిలబడాలి, తర్వాత దగ్గరికెళ్లాలి, పేరు చీటీ ఆఖర్న చదవాలి. చీటీ ముందు చదివితే పిల్లలు బొమ్మ చూడరు.

అమలాపురం వాసి

ధన్యవాదాలండి అందరికీ. బుధవారానికి మార్చాను. రవివర్మ చిత్రాలు కూడా ఉన్నాయి కదా, ఫ్లాష్ లేకుండా తీస్తే బాగా వస్తాయా?

గోదారి గట్టు

ఉన్నాయి. ఫోటోలకి అనుమతి ఏమిటో, రుసుమెంతో టికెట్ కౌంటరులోనే అడగండి. ఫ్లాష్ మాత్రం అసలు వద్దు, ఫోటోలో తైలవర్ణం మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఎదురుగా దీపం మెరుస్తుంటే ఒకడుగు పక్కకి జరిగితే చాలు, ఆ మెరుపు పోతుంది.