వనేడియం ఫ్లో బ్యాటరీ వేడెక్కుతోంది, చల్లబరిచే దారి చెప్పండి

అందరికీ నమస్కారం. అనంతపురం దగ్గర మా కాలేజీ ల్యాబ్‌లో చిన్న వనేడియం ఫ్లో బ్యాటరీ నడుపుతున్నాం. అంటే, ఆమ్లంలో కరిగిన వనేడియం ద్రావణాన్ని రెండు ట్యాంకుల్లో (పాజిటివ్, నెగటివ్) ఉంచి, పంపులతో తిప్పుతూ కరెంటు నిల్వ చేసే బ్యాటరీ. ట్యాంకులు రేకుల షెడ్డులో ఉన్నాయి. మొన్న మధ్యాహ్నం మూడింటికి పాజిటివ్ ట్యాంకులో ద్రావణం 43 డిగ్రీలు చూపించింది. మర్నాడు ఫిల్టర్ విప్పితే ఇటుకపొడి లాంటి ఎర్రటి మడ్డి చేతికంటింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

40 డిగ్రీలు దాటితే పాజిటివ్ ద్రావణంలో వనేడియం పెంటాక్సైడ్ అనే ఈ ఎర్రటి మడ్డి పేరుకుంటుందని, ఛార్జ్ నిండుగా ఉంటే ఇంకా త్వరగా పేరుకుంటుందని చదివాం. అందుకే ఇప్పుడు 70 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తున్నాం. కానీ పంపులు ఆపాక స్టాక్‌లో (కరెంటు పుట్టే సెల్స్ వరుసలో) మిగిలిన ద్రావణం దానంతటదే డిశ్చార్జ్ అవుతూ మరింత వేడెక్కుతోంది. పంపులు ఆపకుండా నడిపితే కరెంటు దండగ, పైగా వాటి వేడి కూడా ద్రావణానికే చేరుతుంది.

రాగి గొట్టాలు పెడదామంటే ఆమ్లం తినేస్తుంది. టైటానియం హీట్ ఎక్స్ఛేంజర్ మా బడ్జెట్‌కు అందదు. టెఫ్లాన్ గొట్టాన్ని చుట్టలా ట్యాంకులో దించి, లోపల చల్లనీళ్లు తిప్పితే సరిపోతుందా? ఒక్కో ట్యాంకు 200 లీటర్లు. ప్లాస్టిక్‌లోంచి వేడి నెమ్మదిగా దాటుతుంది కాబట్టి ఎంత పొడవు పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాం.

పేరుకున్న మడ్డి మళ్లీ కరుగుతుందా, లేక ఆ ద్రావణం మీద ఆశ వదులుకోవాల్సిందేనా? స్వయంగా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఎండలు ఇంకా ముదరకముందే ఏదో ఒకటి చేయాలి.